రెండవ తాళపుచెవి

ఇంటికి తలుపు ఎంత అవసరమో తలుపునకు తాళము అంత అవసరము. అయినను తలుపునకు గల మంచి గుణమొకటి తాళమునకు లేదు. తలుపు తట్టినచో లోపలివారు పలుకుదురు. తట్టిన చప్పుడును బట్టియే వచ్చినవారెవరో పోల్చుకొందురు. తాళము ఎవరిని పోల్చుకొనదు. ఇల్లు కట్టించినవాడు ఎదుట నిలిచినను, కన్నము వేయవచ్చినవాడు నిలిచినను దానికి ఒక్కటే. అది ఎరిగినది తాళపుచెవిని మాత్రమే. చెవి కలవానికి దారి యిచ్చును. లేనివానిని వెలుపల నిలుపును. అందుచేతనే దొంగలకొరకు అమర్చిన తాళము ఒక్కొక్కప్పుడు ఇంటివారినే వీధిలో నిలుపుచుండును.

తన యింటి ముందు తానే పరాయివానివలె నిలుచుట వింతయైన అవస్థ. లోపల పంకా తిరుగుచుండును. మేజాబల్లమీద చదువుచు విడిచిన పుస్తకము గాలికి రెపరెపలాడుచుండును. కిటికీ ఊచల సందునుండి అన్నియు కనబడుచునే యుండును. వానికిని తనకును నడుమ అంగుళము మందము కొయ్య మాత్రమే అడ్డము. దారినపోవువారు ఆగి, “ఏమండీ, తాళంచెవి పోయిందా?” అని పలుకరింతురు. ఒకరు జేబులు మరల వెదకుకొనుమందురు. మరియొకరు ఇట్టి కష్టమే తమ బావమరిదికి వచ్చిన కథ చెప్ప మొదలుపెట్టుదురు. చూచువారికి ఇది నవ్వు పుట్టించు సంగతియే. కాని నవ్వుటకు వీలులేని దినములును ఉండును.

పూర్వము మన పల్లెలలో ఇంటికి తాళము వేయవలసిన అవసరము తరచుగా కలిగెడిది కాదు. ఉమ్మడి కుటుంబములలో ఇల్లు ఖాళీగా ఉండు సమయమే అరుదు. వీధి అరుగుమీద తాతగారో, వంటయింటిలో అమ్మమ్మగారో ఉండనే ఉండెడివారు. రాత్రివేళ వీధితలుపునకు లోపలివైపున అడ్డగడియ వేసెడివారు. పెండ్లికో, తీర్థయాత్రకో ఇంటిల్లిపాదియు పోవలసివచ్చినప్పుడు మాత్రము గొళ్ళెము తగిలించి, తాళంకప్ప వేసి, చెవిని పొరుగింటివారి చేతిలో పెట్టి, “తులసమ్మకు నీళ్లు పొయ్యండి, సాయంత్రం దీపం పెట్టండి” అని చెప్పి బండి యెక్కెడివారు.

ఆనాటి తాళంకప్పలలో పెక్కింటికి ఒక సుగుణము కలదు. దానిని తీయుటకు ఎట్లో వేయుటకును అట్లే చెవి కావలెను. చెవిని లోపల పెట్టి త్రిప్పిననే గాని కప్పకొక్కెము బిగియదు. కావున తాళము పడినదనగా చెవి చేతిలోనున్నదన్నమాటయే. చెవిని ఇంటిలో మరచి తాళము వేయుట ఎవరికిని సాధ్యము కాదు. ఆ తాళము యజమాని మరపును కూడ లెక్కలోనికి తీసికొన్నది.

నేడు పట్టణములలో వీధితలుపులకు అమర్చు తాళము వేరు. దీనిని నైట్‌లాచి అందురు. దీనిలో ఒకవైపు ఏటవాలుగా చెక్కబడిన నాలుకవంటి ఇనుపముక్క యుండును. ఆ నాలుక వెనుక స్ప్రింగు కలదు. తలుపు మూయునప్పుడు నాలుక ద్వారబంధమునకు తగిలి లోనికి ముడుచుకొనును. దానికై చేసిన గుంట యెదుటికి రాగానే స్ప్రింగు తోయుటచే బయటికి దుమికి గుంటలో పడును. లోపలనున్నవారు చిన్న పిడిని వ్రేళ్లతో త్రిప్పి తలుపు తీసికొనవచ్చును. వెలుపలివారికి మాత్రము చెవి తప్పదు. వేయుటకు మనిషి కూడ అక్కరలేదు. గాలి విసరు చాలును. తీయుటకు మాత్రము చెవి కావలెను. చిక్కంతయు ఈ భేదములోనే ఉన్నది.

ఇట్టి తాళములలో చెవిని గుర్తించు ఏర్పాటు మిక్కిలి ముచ్చటైనది. చెవి దూరు గొట్టములో చిన్న చిన్న లోహపు కడ్డీలు వరుసగా నిలిచియుండును. ఒక్కొక్క కడ్డీ రెండేసి ముక్కలు. స్ప్రింగులు వానిని క్రిందికి నొక్కుచుండుటచే గొట్టము తిరుగదు. సరియైన చెవిని దూర్చినప్పుడు దాని అంచుననున్న గండ్లు ఒక్కొక్క కడ్డీని కావలసినంత మేరకే పైకెత్తును. అప్పుడు అన్ని కడ్డీల అతుకులును ఒక్క గీతపైకి వచ్చును, గొట్టము తిరుగును. ఒక్క కడ్డీ వెండ్రుకవాసి ఎక్కువ లేచినను, తక్కువ లేచినను తిరుగదు. కొయ్యమేకులను పైకెత్తి తీయు ఇట్టి తాళములు ప్రాచీన ఈజిప్టులోనే ఉండెడివి. ఆ ప్రాత యూహకు ఇనుపరూపము నిచ్చి, జేబులో పట్టు పలుచని చెవితో తెరచుకొనునట్లు తీర్చినవాడు అమెరికా దేశస్థుడైన లైనస్ యేల్. అతడు 1861లోను, 1865లోను దీనికి ప్రత్యేక హక్కులు పొందెను. మన దేశమున ఉత్తరప్రదేశములోని అలీగఢు, తమిళనాడులోని దిండిగల్లు పట్టణములు తాళముల తయారీకి పేరొందినవి. దిండిగల్లు తాళమునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

చెవి లేకుండ తాళము తీయుట అసాధ్యమా? కాదు, కాని కాలము పట్టును. లండను నగరమున జోసెఫ్ బ్రామా అను నిపుణుడు తాను చేసిన తాళమును 1790లో తన దుకాణపు కిటికీలో నుంచి, దీనిని చెవి లేకుండ తీసినవానికి 200 గినీలు బహుమానమని ప్రకటించెను. అరువది యేండ్లు ఎవరును తీయలేకపోయిరి. 1851లో ఆ నగరమున జరిగిన మహాప్రదర్శనమునకు వచ్చిన హాబ్స్ అను అమెరికను తాళముల నిపుణుడు దానిని తీసెను. అందులకు అతనికి 16 దినములలో మొత్తము 51 గంటలు పట్టెను.

బహుమానముకొరకు కూర్చున్నవాడు పదునారు దినములు ఓర్చుకొనగలడు. పొయ్యిమీద పాలు పెట్టి వాకిటిలోనికి వచ్చిన తల్లికి పదునారు నిమిషములైనను ఉండవు. రాజమహేంద్రవరమున ఒక ఆషాఢమాసపు ఉదయమున జరిగిన సంగతి యిట్టిది.

గోదావరికి చేరువనున్న ఒక వీధిలో రెండు ఇండ్లు ప్రక్కప్రక్కనే కలవు. ఒకదానిలో సామర్లకోటలో ఉద్యోగము చేయు గృహస్థు, అతని భార్య, రెండేండ్ల కుమారుడు. రెండవదానిలో వృద్ధదంపతులు. ఆ పెద్దాయన విద్యుచ్ఛాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొనినవారు. వారి పిల్లలు దూరప్రాంతములలో స్థిరపడిరి. రెండు పెరళ్ల నడుమ ఆరడుగుల గోడ. అయిదేండ్లపాటు ఆ గోడ ఉన్నదన్న మాటయే రెండిండ్లవారును ఎరుగరు. పప్పు గిన్నెలు, పచ్చడి గిన్నెలు దానిమీదుగా అటునిటు పోవుచుండెడివి. గృహస్థుని యింటి రెండవ తాళపుచెవి పెద్దావిడ పూజగది ప్రక్కన ఒక మేకునకు వ్రేలాడుచుండెడిది. వీరు ఊరికి పోయినప్పుడు పెద్దాయన వచ్చి మొక్కలకు నీళ్లు పోసెడివారు. గ్యాసుబండ వచ్చినప్పుడు దింపించెడివారు. ఒకనాడు పెరటితలుపును చూచి, “దీని కొక్కెం వదులైపోయింది. బోల్టు పెట్టించవయ్యా” అని చెప్పిరి. “అలాగే బాబాయిగారూ” అని గృహస్థు అనెను, కాని పెట్టించలేదు.

ఇట్టి స్నేహమునకు మునగచెట్టు అడ్డువచ్చెను. చెట్టు పెద్దవారి పెరటిలోనిది. కొమ్మలు గోడ దాటి యివతలికి వంగియుండెను. ఆ యేడు దానికి గొంగళిపురుగులు పట్టెను. అవి గోడ దిగి, ఆరవేసిన బట్టలలో దూరెను. పసివాని యొడలంతయు దద్దురులెక్కెను. గృహస్థు కోపముతో వెళ్లి చెట్టు కొట్టించుమనెను. “అది మా అమ్మాయి నాటిన చెట్టు. మందు కొట్టిస్తాంగాని చెట్టు కొట్టించం” అని పెద్దావిడ అనెను. మాటకు మాట పెరిగెను. ఏ మాట ముందో, ఏ మాట వెనుకయో తరువాత ఎవరికిని జ్ఞాపకము లేదు. చివరి మాటలు మాత్రము అందరికిని జ్ఞాపకమున్నవి.

మరునాడు గృహస్థు భార్యను పంపెను. ఆమె తలవంచుకొని, “పిన్నిగారూ, మా తాళంచెవి ఒకసారి ఇప్పించండి” అని అడిగెను. “ఒకసారి” అను మాటకు అర్థమేమో ఇద్దరికిని తెలియును. పెద్దావిడ మేకునుండి చెవి తీసి, పైటచెంగుతో తుడిచి, మాటాడక చేతిలో పెట్టెను. ఆనాటినుండి ఒక చెవి గృహస్థుని జేబులో సామర్లకోటకు పోయి వచ్చుచుండెను. రెండవది ఇంటిలోపల, వీధితలుపు ప్రక్కన కొట్టిన క్రొత్త మేకునకు వ్రేలాడుచుండెను. ఇట్లు ఎనిమిది నెలలు గడచెను.

ఆ యుదయమున గృహస్థు రైలునకు పోయిన తరువాత ఆమె గ్యాసుపొయ్యిమీద పాలు పెట్టెను. పసివాడు ముందుగదిలో గిన్నెలు, గరిటెలు ముందు వేసికొని ఆడుకొనుచుండెను. వీధిలో ఆకుకూరల గంప కేక వినబడెను. రెండు కట్టల గోంగూర తెచ్చుటకు ఎంతసేపు? ఆమె తలుపు తెరచియే యుంచి, మెట్లు దిగి గేటు దగ్గరకు వచ్చెను. ఆషాఢమాసపు గాలి సంగతి గోదావరి తీరమువారికి చెప్పనక్కరలేదు. ఒక్క విసరున వచ్చి తలుపును దఢాలున మూసెను. నైట్‌లాచి నాలుక గుంటలో పడిన చప్పుడు ఆమెకు గేటు దగ్గరకే వినబడెను.

చేతిలో గోంగూర కట్టలు తప్ప మరేమియు లేవు. టెలిఫోను లోపల ఉన్నది. తాళపుచెవియు లోపలనే ఉన్నది; తలుపునకు మూరెడు దూరములో, మేకునకు ఉన్నది. పసివాడు చప్పుడునకు జడిసి ఏడ్చుచు తలుపు దగ్గరకు వచ్చి, అరచేతులతో బాదసాగెను. పిడి వాని తలకు మూడడుగులు ఎత్తున ఉన్నది.

ఆమె కేకలకు వీధివారు మూగిరి. సలహాలకు కొదువ లేకపోయెను. ఒకాయన భుజముతో తలుపును తోసి, అది టేకు తలుపని తెలిసికొని భుజము రుద్దుకొనుచు వెనుకకు వచ్చెను. మరియొకరు తలపిన్నుతో ప్రయత్నించిరి, పిన్ను వంగెను. కిటికీ అద్దము పగులగొట్టవచ్చునుగాని, అద్దము వెనుక ఇనుపఊచలు ఉన్నవి. తాళములు బాగుచేయువాడు మార్కెట్టు దగ్గర చెట్టుక్రింద కూర్చుండునుగాని పది గంటలకు గాని రాడు. అప్పటికి సమయము ఎనిమిది దాటి కొద్ది నిమిషములు. ఎదురింటి బాలుడు, ఎనిమిదవ తరగతి చదువువాడు, పెద్దలు వాదించుకొనుచుండగనే తన తల్లి టెలిఫోను తీసికొని 101 అను సంఖ్యకు ఫోను చేసి, అగ్నిమాపక దళమువారికి వీధి పేరు, ఇంటి గుర్తు స్పష్టముగా చెప్పెను. ఆ గుంపులో నిజముగా పని చేసినవాడు అప్పటికి వాడొక్కడే.

ఇంతలో మాడిన పాల వాసన వచ్చెను. కొంతసేపటికి దానితోపాటు మరియొక వాసనయు వచ్చెను. పాలు పొంగి పొయ్యిమీద పడి మంటను ఆర్పివేసెను. మంట ఆరినంతమాత్రమున వాయువు వచ్చుట ఆగదు. వంటకు వాడు ఆ వాయువునకు స్వతస్సిద్ధముగా వాసన లేదు. కారినప్పుడు జనులకు తెలియవలెనని ఘాటైన వాసనగల ద్రవ్యమును దానిలో కలుపుదురు. అది గాలికంటె బరువైనది. కావున పైకి పోక నేలబారున ప్రాకును. నేలపై కూర్చున్న పసివానికి అది పెద్దలకంటె ముందుగా అందును. ఈ సంగతి ఆ తల్లికి తెలియును. ఆమె గేటు దాటి పరుగెత్తి, పొరుగింటి గడపముందు నిలిచిపోయెను. ఎనిమిది నెలలుగా తొక్కని గడప. పిలువవలెనని నోరు తెరచెను, మాట పెగలలేదు.

ఆమె పిలువవలసిన పని లేకపోయెను. “అమ్మాయీ, ఇటు రా! పెరటివైపు!” అను కేక లోపలినుండి వచ్చెను. పసివాని యేడుపు విన్నంతనే పెద్దాయన మునగకాయలు కోయు నిచ్చెనను గోడకు ఈడ్చుకొని పోవుచుండిరి. ఆయనకు డెబ్బదియేండ్లు, మోకాళ్లనొప్పి. ఎదురింటి బాలుడు నిచ్చెన పట్టుకొనెను. గోడకు ఆవలివైపున నీళ్లతొట్టి గట్టు ఎక్కడ ఉన్నదో ఆయనకు తెలియును. ఎన్నియో సాయంకాలములు ఆ తొట్టి నీటినే మొక్కలకు పోసిరి. దానిపై కాలుమోపి దిగిరి. వెనుకనే ఆ తల్లియు దిగెను.

“పెరటితలుపు కొక్కెం పైకి లేపితే వచ్చేస్తుంది. సన్నంగా, గట్టిగా ఉన్నదేదైనా కావాలి” అని పెద్దాయన కేకవేసిరి. పెద్దావిడ వంటయింటిలోనికి పోయి ఇనుప అట్లకాడ తెచ్చి గోడమీదుగా అందించెను. రెండు రెక్కల నడుమ సందులో దానిని దూర్చి పెద్దాయన పైకి ఎత్తిరి. మొదటిసారి జారెను. రెండవసారి కొక్కెము లేచెను, తలుపు తెరచుకొనెను. గుప్పున వాసన కొట్టెను.

అలవాటుచొప్పున ఆమె చేయి గోడమీది స్విచ్చివైపు పోయెను. “ముట్టుకోకు! లైటు వద్దు, ఫ్యాను వద్దు!” అని పెద్దాయన గద్దించిరి. స్విచ్చి వేసినను, తీసినను లోపల చిన్న నిప్పురవ్వ పుట్టును. అట్టి గదిలో ఆ రవ్వ చాలును. ఆయన కండువా ముక్కునకు అడ్డము పెట్టుకొని లోనికి పోయి, పొయ్యి బిరడాను, గ్యాసుబండమీది రెగ్యులేటరును కట్టివేసి, కిటికీ రెక్కలు తెరచిరి. ఆమె ముందుగదిలోనికి పరుగెత్తెను. పసివాడు తలుపునానుకొని కూర్చుండి, ఏడ్చి ఏడ్చి అలసి, గరిటెతో గడపను కొట్టుచుండెను. ఆమె వానిని చంకనెత్తుకొని పిడిని త్రిప్పెను. వీధినంతటిని నిలువరించిన ఆ తలుపు రెండు వ్రేళ్లకే తెరచుకొనెను.

తరువాత అగ్నిమాపక దళమువారు వచ్చి, గదులన్నియు చూచి, గాలి బాగుగా ఆడువరకు స్విచ్చులు ముట్టవద్దని చెప్పి, పెద్దాయన చేసిన పని సరియైనదని మెచ్చుకొనిరి. ఫోను చేసిన బాలుని పేరడిగి వీపు తట్టిరి.

సాయంకాలము గృహస్థు ఇంటికి వచ్చెను. జరిగినదంతయు విని చాలసేపు మాటాడలేదు. పిమ్మట తలుపు ప్రక్కనున్న మేకునుండి రెండవ తాళపుచెవి తీసికొని పొరుగింటికి పోయెను. పెద్దాయన మోకాలికి నూనె రాచుకొనుచుండిరి.

“బాబాయిగారూ, ఇది మీ దగ్గర ఉండాలి” అని గృహస్థు చెవిని ముందుకు చాపెను.

పెద్దాయన వెంటనే తీసికొనలేదు. “అవసరం వచ్చిందని ఇస్తున్నావా నాయనా?” అని అడిగిరి. ఆ మాటలో కోపము లేదు. నిజము తెలిసికొనగోరుట మాత్రమే ఉన్నది.

గృహస్థు తలదించుకొనెను. “కాదండీ. తీసుకోవడమే తప్పు. ఆ రోజు నేను రాలేక ఆమెను పంపాను. అది ఇంకా తప్పు” అనెను.

పెద్దావిడ వచ్చి చెవిని అందుకొనెను. పూజగది ప్రక్కన ప్రాత మేకు అట్లే ఉన్నది. గోడకు సున్నము వేయించినప్పుడు కూడ ఆమె దానిని పీకనీయలేదు. చెవిని దానికి తగిలించి, “కొమ్మలు మీవైపువి కొట్టిస్తాం. పిల్లవాడికి మళ్లీ దద్దుర్లు రాకూడదు. చెట్టు మాత్రం ఉంటుంది” అనెను.

“ఉండనివ్వండి పిన్నిగారూ.”

గృహస్థు గుమ్మము దాటుచుండగా పెద్దాయన పిలిచి, “రేపు ముందు ఆ పెరటితలుపుకి బోల్టు పెట్టించు. అట్లకాడతో నేను తీశానంటే దొంగ కూడా తీస్తాడు” అనిరి. ఈసారి గృహస్థు మరునాడే పెట్టించెను.

ఈ సంగతినుండి నేర్చుకొనవలసినవి కొన్ని కలవు. తనంత తాను పడు తాళముగల తలుపు తెరచి వెలుపలికి పోవునప్పుడు, ఒక్క నిమిషమునకైనను, చెవి చేతిలో ఉండవలెను. లేదా తలుపునకు ఎత్తుపీటయో, రాతిగుండో అడ్డము పెట్టవలెను. పొయ్యి వెలుగుచుండగా, పసిబిడ్డలు లోపల ఉండగా గడప దాటరాదు. రెండవ చెవిని కాళ్లపట్టా క్రిందనో, పూలకుండీలోనో దాచుదురు; ఇంటివారికంటె ముందు దొంగలు వెదకు తావులవే. కార్ల విషయమున మరింత జాగరూకత కావలెను. చెవి లోపల ఉండిపోయి తలుపులు పడిపోవుట వానికిని కలదు. ఎండలో నిలిపిన కారులో పది నిమిషములలోనే వేడిమి పది డిగ్రీల వరకు పెరుగును. పసివాడు లోపల చిక్కుకొనినప్పుడు తాళము తీయువానికై ఎదురుచూడక, 112 అను అత్యవసర సంఖ్యకు తెలిపి, వానికి దూరముగానున్న కిటికీ అద్దము పగులగొట్టుటయే మేలు. అద్దమును మరల వేయించుకొనవచ్చును.

అయితే ఇవన్నియు జాగ్రత్తలు. జాగ్రత్తపడినవారికిని మరపు రాకపోదు. ఆషాఢమాసము ప్రతియేడును వచ్చును. గాలి వీచుట మానదు. అట్టినాడు ఉపయోగపడునది తాళము తయారుచేసినవాని నేర్పు కాదు. గోడకు ఆవల నీళ్లతొట్టి గట్టు ఎక్కడ ఉన్నదో, ఏ తలుపు కొక్కెము వదులైనదో ఎరిగిన మనిషి కావలెను. తాళపుచెవి తిరిగి తీసికొనవచ్చును. ఎనిమిది నెలలు మాటాడకుండ ఉండవచ్చును. అయిదేండ్లలో ఒక యింటిని గూర్చి మరియొక యింటివారు తెలిసికొన్నదానిని మాత్రము తిరిగి తీసికొనుట ఎవరి తరము కాదు. ఆ తల్లిని, బిడ్డను నాడు కాపాడినది అదియే.

ఆ వీధిలో ఇప్పుడును అప్పుడప్పుడు తలుపులు పడుచునే యుండును. అప్పుడు ఆ యింటివారు కంగారుపడరు. గోడ దగ్గరకు పోయి, “పిన్నిగారూ, తాళంచెవి” అని పిలుతురు. మునగకొమ్మల నీడలో గోడమీదుగా ఒక చేయి దానిని అందించును.